మెట్రాయిడ్ మొదటిసారి ఆడేవారికి మ్యాపు ఇవ్వవచ్చా?

పెరంబూరు ప్రయాణికుడు:
వచ్చే నెల మన చెన్నై తెలుగు గేమర్ల కూడికలో మెట్రాయిడ్ ఆడాలని తేలింది. రీమేక్ కాదు, 1986లో నింటెండో ఫామికామ్ డిస్క్ సిస్టమ్ కోసం తెచ్చిన అసలు ఆట. వచ్చేవారిలో చాలామంది దీన్ని ఎన్నడూ ఆడలేదు. మన వేళచ్చేరి మిత్రుడు అందరికీ పూర్తి మ్యాపు అచ్చు తీయించి పంచుతానంటున్నారు. నేను వద్దంటున్నాను.

జెబెస్ గ్రహం లోపలి గుహల్లో దారి తప్పడమే ఈ ఆట. అది తీసేస్తే మిగిలేది పురుగులను కాల్చడమే. మొదటి తెర చూడండి. అంతకు ముందటి ఏడాది వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అలవాటు చేసినట్టు, అందరూ కుడివైపుకే పరుగెత్తుతారు. కాసేపటికి మనిషి దూరలేని ఇరుకు సందు ఎదురవుతుంది. చిన్న బంతిలా ముడుచుకునే శక్తి మొదలుపెట్టిన చోటికి ఎడమపక్కనే ఉంది. ఆ సంగతి ఆట నోరు విప్పి చెప్పదు. మనమే వెనక్కి వచ్చి కనుక్కోవాలి. మ్యాపు మీద అక్కడో చుక్క పెట్టి ఇస్తే ఇక కనుక్కునేదేముంది?

వేళచ్చేరి వేగు:
మ్యాపు వద్దంటూనే మొదటి రహస్యం మీరే బయటపెట్టారు, సంతోషం.

మ్యాపు లేకపోవడాన్ని కళాఖండంగా పొగడటం నాకు నచ్చదు. అప్పట్లో మెమరీ చాలక ఒకే గదిని పది చోట్ల మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు. నార్‌ఫెయిర్ అనే ప్రాంతంలో ఒక నడవ దాటి నిలువు సొరంగం దిగి మరో నడవలోకి వెళ్తే, అవే రాళ్ళు, అవే బుడగలు, అవే పురుగులు. అది రహస్యం కాదు, లేమి. వీలు దొరకగానే 1994లో సూపర్ మెట్రాయిడ్‌లో వాళ్ళే మ్యాపు పెట్టారు. ఇదే కథను 2004లో జీరో మిషన్‌గా మళ్ళీ చేసినప్పుడూ పెట్టారు. చేసినవాళ్ళకే లేని పట్టింపు మనకెందుకు?

ఇంకొకటి. అయిదు గంటల్లోపు ముగిస్తేనే చివర్లో మనం ఆడించే పాత్ర సామస్ శిరస్త్రాణం తీస్తుంది. దారి తెలియకుండా మొదటిసారి ఆడేవారిలో ఎంతమందికి ఆ ముగింపు దక్కుతుంది? వారమంతా ఓఎమ్మార్ ఐటీ కంపెనీల్లో పనిచేసి ఆదివారం వచ్చేవాళ్ళను ఒకే గోడ చుట్టూ తిప్పి ఇంటికి పంపిద్దామా?

పెరంబూరు ప్రయాణికుడు:
సామస్ ఆడమనిషి అన్న సంగతి ఇప్పుడు ఆట ఆడనివారికి కూడా తెలుసు. ఆ ముగింపు కోసం పరుగెత్తాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇక కొరతలోంచి పుట్టినదంతా కొరతగానే మిగిలిపోవాలని ఎక్కడుంది? ఫలితం ఏమిటన్నదే ముఖ్యం. ఇక్కడ ఫలితం భయం.

మైలాపూరు మృదంగం:
భయం అన్నారు కాబట్టి ఒక్క మాట. సగం భయం హిరొకాజు టనాకా సంగీతానిది. ఆయన పాడుకోదగ్గ వరుసను చివరికి దాచి, గుహల్లో ప్రాణమున్న దేనిదో అలికిడిలా వినిపించాలనుకున్నారు. మొదటి ప్రాంతమైన బ్రిన్‌స్టార్‌లో ఆ నియమం ఆయనే సడలించినట్టు అనిపిస్తుంది, అక్కడ చక్కగా ఈల వేసుకోవచ్చు. క్రెయిడ్ గుహలోకి దిగాక మాత్రం చెవికి ఊతం దొరకదు. కళ్ళు చేతిలోని కాగితం మీద ఉంటే ఇదంతా వినబడదు. నా ఓటు మ్యాపు వద్దనే.

అంబత్తూరు అక్కయ్య:
అచ్చు మ్యాపు ఎందుకు నాయనా, గ్రాఫు పుస్తకం ఇవ్వండి. ఈ ఆట లోకం మొత్తం 32 అడ్డం, 32 నిలువు గళ్ళ మీద అమర్చి ఉంటుంది. ఒక గడికి ఒక తెర చొప్పున గీస్తే అతికినట్టు సరిపోతుంది. నేను అలాగే గీశాను. నమ్మకం లేని దారులు పెన్సిల్‌తో, క్షిపణులతో తెరవాల్సిన ఎర్ర తలుపులు ఎర్ర పెన్నుతో. బాంబు పెడితే తెరుచుకునే నేల కనబడిన చోట గడి అడుగు గీతను చెరిపేసేదాన్ని. అలా చెరిపిన చోట్ల కాగితం నూగు లేచిపోయింది. ఒకేలా ఉన్న రెండు నడవల విషయంలో లోపల ఏ ఆనవాలూ దొరకదు, ఎక్కడినుంచి వచ్చామన్నదే ఆనవాలు. అది గీసేవారికే అర్థమవుతుంది.

వేళచ్చేరి వేగు:
అక్కా, మీ ఓపికకు దండం. అందరికీ అది ఉండదు.

రాయపేట రాత్రిపక్షి:
మీరంతా అసలు బాధను వదిలేసి మ్యాపు పట్టుకుని కొట్టుకుంటున్నారు. ఈ ఆటను కొత్తవారు మధ్యలో మానేసేది దారి తప్పినందుకు కాదు. చచ్చిన ప్రతిసారీ 30 శక్తితో మొదలుపెట్టాల్సి వచ్చినందుకు. శక్తి ట్యాంకులు ఎన్ని సంపాదించినా అంతే. బయటి దేశాలకు వచ్చిన ఎన్‌ఈఎస్ కూర్పులో 24 అక్షరాల పాస్‌వర్డ్ ఓపిగ్గా కొట్టి తిరిగి వచ్చినా అంతే. ఆపైన ఏదో ఒక గొట్టం పక్కన నిలబడి, అందులోంచి వచ్చే పురుగులను ఒక్కొక్కటిగా చంపి, రాలిన గుళికలు ఏరుకోవాలి. కొళాయి దగ్గర బిందెల వరుసలో నిలబడ్డట్టు ఉంటుంది. దారి తప్పినప్పుడు కనీసం ఆ గది తెలుస్తుంది. గొట్టం దగ్గర అరగంట నిలబడితే ఏమీ తెలియదు. నన్నడిగితే మ్యాపు వద్దు, ఎక్కడికక్కడ ఆటను భద్రపరుచుకునే సౌకర్యం మాత్రం ఇవ్వండి.

వేళచ్చేరి వేగు:
ఇదేం న్యాయం? ఒక కష్టం పవిత్రం, ఇంకొకటి చాకిరీ అని మీరెలా తేలుస్తారు? ఎక్కడ పడితే అక్కడ భద్రపరుచుకుంటే చావు భయం పోదా? మృదంగం గారు చెప్పిన భయంలో అది భాగం కాదా?

రాయపేట రాత్రిపక్షి:
కొంత పోతుంది, కాదనను. అందుకే గది గదికీ కాకుండా లిఫ్టుల దగ్గర మాత్రమే భద్రపరుచుకోనిద్దాం. చస్తే అంతదాకా వెనక్కి వస్తారు, శక్తి మాత్రం నిలుస్తుంది.

సైదాపేట సందేహం:
నేను ఎప్పుడూ ఆడనివాణ్ణి, కాబట్టి నన్ను కూడా అడగండి. గ్రాఫు పుస్తకం ఆలోచన బాగుంది. ఒక్క భయం ఉంది. తెలియక తప్పు చేసి ఆట పూర్తిగా చెడగొట్టుకునే చోటు ఏదైనా ఉందా?

రాయపేట రాత్రిపక్షి:
పూర్తిగా చెడదు. కానీ ఇందులో రెండు కిరణాలు కలిసి ఉండవు. మంచు కిరణం తీసుకున్నాక అల కిరణం ముట్టుకుంటే మొదటిది పోతుంది. చివరి ప్రాంతం టూరియన్‌లో మెట్రాయిడ్‌లనే జీవులను మంచుతో గడ్డకట్టించి క్షిపణులు కొడితేనే చస్తాయి. అది లేకుండా వెళ్ళినవారు మళ్ళీ వెనక్కి నడవాలి. ఇది ఏ మ్యాపూ చెప్పదు.

పెరంబూరు ప్రయాణికుడు:
ఇప్పుడు మీరు చెప్పేశారుగా! సరే, లిఫ్టుల దగ్గర భద్రపరచడానికి ఒప్పుకుంటున్నాను. అచ్చు మ్యాపుకు మాత్రం ఒప్పుకోను.

వేళచ్చేరి వేగు:
మ్యాపులు కవర్లో పెట్టి అంటించి తెస్తాను. విసిగినవాళ్ళు చింపుకుంటారు. మీరు ఎవరి చెయ్యీ పట్టుకోనక్కరలేదు.

అంబత్తూరు అక్కయ్య:
గ్రాఫు పుస్తకాలు నేను మన పారీస్ కార్నర్‌లో కొని తెస్తాను. పెన్సిళ్ళు ఎవరివి వారే తెచ్చుకోండి, రబ్బరు మరవకండి.