ప్యానెళ్ల మధ్య పైరు: వరుసకీ వరుసకీ ఎంత దూరం ఉండాలి?

నల్లరేగడి:
రెండెకరాల కూరగాయల చేలో సోలార్ పెట్టాలి, సేద్యం ఆగకూడదు. ప్యానెల్ పొడవు 2.28 మీటర్లు, వాలు వెంట ఒక్కటే నిలువుగా వస్తుంది. ట్రాక్టర్ తిరగాలి, నీళ్లు డ్రిప్‌తో. బిగించేవాళ్లు వరుసల మధ్య 4.5 మీటర్లు చాలంటున్నారు. పైరుకి అది సరిపోతుందా? ఏ పంటలు తట్టుకుంటాయి? తర్వాత బాధపెట్టేవి ఏమిటి?

తీగపందిరి:
సరిపోదండి. ప్యానెల్ పొడవుని వరుసల దూరంతో భాగించి చూడండి. 2.28ని 4.5తో భాగిస్తే 0.51, అంటే సగం నేల మీద ప్యానెలే. కరెంటు ఒక్కటే కావాలంటే అది మంచి లెక్క. కూరగాయలకి 0.25 నుంచి 0.35 లోపు ఉంచాలి. 7.5 మీటర్లకి జరిపితే 0.30 వస్తుంది.

దీంతో పట్టే ప్యానెళ్లు 40 శాతం తగ్గుతాయి. అది మింగుడుపడక చాలామంది మళ్లీ దగ్గరికి జరిపేస్తారు, అక్కడే పైరు పోతుంది. రెండూ కలిపి లెక్కవేయండి: విడిగా వేసినప్పటి దిగుబడిలో 80 శాతం, దగ్గర వరుసల కరెంటులో 60 శాతం వచ్చినా ఆ నేల 1.4 రెట్లు పనిచేసినట్టే. జర్మనీలోని హెగ్గెల్‌బాఖ్ పొలంలో 2017లో ఇలా కొలిస్తే 1.6 తేలింది.

మొక్కజొన్న, జొన్న, చెరకు పడినంత ఎండా వాడుకుంటాయి, వాటి ఊసు వద్దు. అల్లం, పసుపు, ఆకుకూరలు నీడకి ఓరుస్తాయి. టమాటా, మిరప సంగతి ఎండ తీవ్రతని బట్టి ఉంటుంది. అరిజోనా ఎడారిలో చేసిన ప్రయోగంలో (2019లో ప్రచురించారు) ప్యానెళ్ల కింద టమాటా దిగుబడి రెట్టింపైంది. మబ్బు ఎక్కువుండే చోట అదే టమాటా కాపు తగ్గిస్తుంది. ఇనుము కొనేముందు మీ చేలోనే నాలుగు సాళ్ల మీద 35 శాతం షేడ్‌నెట్ కట్టి ఒక పంటకాలం చూడండి. నెట్ నీడ అంతటా సమానం, ప్యానెల్ నీడ పట్టీలుగా పడుతుంది కాబట్టి అచ్చంగా అదే ఫలితం రాదు. అయినా ఓర్వలేని పంట అక్కడే బయటపడుతుంది.

సాలుగట్టు:
దూరం సరే, దిక్కు కూడా చూడాలి. వరుసలు తూర్పు పడమరలుగా వేస్తే నీడ రోజంతా ఇంచుమించు ఒకే పట్టీని పట్టుకుంటుంది. ఆ పట్టీలో మొక్క సన్నగా సాగుతుంది, పూత వెనకబడుతుంది, పక్క సాలు కోతకొచ్చేసరికి అది ఇంకా పచ్చిగా ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా వేసి, సూర్యుడితో తిరిగే ట్రాకర్ మీద పెడితే నీడ జరుగుతూ పోతుంది, ప్రతి సాలుకీ కొంత ఎండ దక్కుతుంది.

7.5 మీటర్ల దూరంలో, ప్యానెల్ పడుకున్నప్పుడు మిగిలే సందు 5.2 మీటర్లు. రెండుపక్కలా అర మీటరు వదిలితే 4.2, మీ పనిముట్టు దానికి లోపల ఉండాలి. వరుసల చివర ట్రాక్టర్ మళ్లడానికి జాగా వదలడం మరిచిపోతుంటారు.

అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేది అంచు నీళ్లు. 15 డిగ్రీల వాలులో ఆగిన ప్యానెల్ మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే, కింది అంచు ప్రతి మీటరు నుంచి 44 లీటర్లు ఒకే గీతలో దూకుతాయి. అక్కడ గాడి పడుతుంది, విత్తనం కొట్టుకుపోతుంది, ఎగిరిన బురద ఆకులకు అంటుకుని తెగులు మోస్తుంది. రెండు మూరలు ఇవతల మాత్రం నేల ఎండిపోయి ఉంటుంది. ఆ గీతలో పంట వేయకండి. గులకరాళ్లో గడ్డో పరవండి, లేదా తొట్టి కట్టి నీళ్లు ట్యాంకుకి మళ్లించండి. ట్రాకర్ ఉంటే వానలో ఒకే వంపులో ఆపకుండా మార్చుతూ ఉండాలి.

డ్రిప్‌కి నీడ సాళ్లకి ఒక వాల్వు, ఎండ సాళ్లకి ఒక వాల్వు. ఒకే వాల్వయితే నీడలో వేరు కుళ్లుతుంది, ఆకు తడి ఆలస్యంగా ఆరి బూజు తెగులు పడుతుంది. నీడలో టెన్షియోమీటర్ (నేలలో తడి కొలిచే పరికరం) చూసే తడి ఇవ్వండి, రోజులు లెక్కపెట్టి కాదు.

నల్లరేగడి:
దూరం 7.5కే మారుస్తాం. స్తంభాలు, కేబుళ్ల సంగతి కూడా చెప్పండి. దుక్కి ఏటా ఉంటుంది.

మీటరుపెట్టె:
దున్నిన పైమట్టి స్తంభాన్ని పట్టదండి. లోతు దుక్కి కిందనుంచి లెక్కపెట్టాలి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలిస్తుంది కాబట్టి స్తంభం లాగి చూసే పరీక్ష నేల బాగా తడిసి ఉన్నప్పుడు చేయించండి. ఎండిన నేలలో చేస్తే అంకె ఘనంగా వస్తుంది, గాలివానకి అది నిలవదు. ఎరువుల లవణాలు నేల మట్టం దగ్గరే ఇనుముని తింటాయి, అక్కడ పైకీ కిందికీ జానెడు మేర తారుపూత వేయించండి.

కేబుల్ పైపులో పెట్టి 90 సెంటీమీటర్ల లోతున పూడ్చండి, దానిపైన 30 సెంటీమీటర్లకి హెచ్చరిక టేపు. రోటవేటర్ అంత లోతు పోదు, గట్టిపడ్డ అడుగు నేలని చీల్చే సబ్‌సాయిలర్ మాత్రం అందులో సగం దాటి పోతుంది. తెగితే ఇన్వర్టర్ ఆపి చేయి పెట్టేయకండి. పగటివేళ ప్యానెల్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది, వరుసలో వందల వోల్టుల డీసీ ఉంటుంది.

ఉదయం ఇన్సులేషన్ తప్పు (కరెంటు నేలకి కారుతోందని) చూపి ఇన్వర్టర్ మొదలవక, మంచు ఆరాక తనంతట తానే నడిస్తే, ఎక్కడో కనెక్టర్ తడి నేల మీద పడివుందని అనుమానించండి. అన్నీ ఫ్రేముకి ఎత్తి కట్టండి. రెండు కంపెనీల కనెక్టర్లు ఒకదానిలో ఒకటి దూర్చవద్దు, కాలతాయి.

గంధకం, రాగి మందులు కొడితే అద్దం మీద పొర కడుతుంది, ఆరకముందే మంచినీళ్లతో కడగాలి. స్తంభాల చుట్టూ గడ్డి బ్రష్‌కట్టర్‌తో కాక కొడవలితో తీయించండి. ఎగిరిన రాయి ప్యానెల్ వెనక అద్దాన్ని పగలగొడుతుంది.