వేదపఠనం తర్వాత మెదడు రెండు అర్ధగోళాల పొందిక పెరిగింది, నమ్మవచ్చా?

నమస్కారం. తిరుపతిలో మనస్తత్వశాస్త్రం పీజీ చదువుతున్నాను. వేదం నేర్చుకుంటున్న ఆరుగురు విద్యార్థులకు పఠనానికి ముందూ తర్వాతా ఈఈజీ (తలపై నుంచి మెదడు విద్యుత్ తరంగాల నమోదు) తీశాను. పఠిస్తుండగా తీయడం కుదరలేదు. స్వరాన్ని బట్టి తల పైకీ కిందికీ కదులుతుంది, తెర నిండా మెడ కండరాల గీతలే. పిలక పక్కకు తప్పించి, తల వెనుక ఓ1, ఓ2 బిందువుల దగ్గర జెల్ రాసి, కళ్లు మూసుకొని కూర్చోమన్నాను.

ఆల్ఫా తరంగాల్లో, అంటే 8–13 హెర్ట్జ్‌ల మధ్య, కోహెరెన్స్ (రెండు చోట్ల తరంగాలు ఎంత పొందికగా సాగుతున్నాయో 0–1 మధ్య చెప్పే అంకె) సగటున 0.5 నుంచి 0.7కి పెరిగింది. ఎంతో సంతోషించాను. ఆ రాత్రే సందేహం పట్టుకుంది. రెండు వైపులనూ కలిపే కార్పస్ కలోసమ్‌లో సుమారు 20 కోట్ల నరాల తంతువులున్నాయి. ఆ వంతెన అరగంటలో మారిపోదు కదా! పిల్లలు తెల్లవారుజామునే లేచినవారు, కునికిపాటు వల్ల కూడా అంకె మారవచ్చు. పైగా రిఫరెన్స్ (మిగతా సంకేతాలను పోల్చి కొలిచే ఎలక్ట్రోడ్) చెవులకు పెట్టాను, అది రెండు సంకేతాల్లోనూ కలుస్తుంది. పుర్రె గుండా విద్యుత్తు రెండు బిందువులకూ వ్యాపించడం సరేసరి.

అనుభవమున్నవారు దయచేసి చెప్పండి. కోహెరెన్స్‌లో ఊహాత్మక భాగాన్ని (రెండు చోట్లా ఒకే క్షణంలో కనిపించే పోలికను వదిలేసి, కాస్త కాలభేదం ఉన్నదాన్నే చూపే భాగం) మాత్రమే లెక్కిస్తే ఆరుగురితో ఏమైనా తేలుతుందా? పోలిక కోసం ఇదే పిల్లలను మౌనంగా కూర్చోబెట్టాలా, లేక ఊపిరి లయ కలిసేలా మామూలు వచనం చదివించాలా?