హనుమకొండ కొత్త రెస్టారెంటులో సర్వపిండి: ఎవరికి, ఎలా చెప్పాలి?

ప్రశ్న (వడ్డేపల్లి వాసి):

మా అమ్మానాన్నల పెళ్లిరోజని శనివారం రాత్రి హనుమకొండలో ఈ మధ్యే తెరిచిన ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్లాం. పేరు రాయను. ముందుగా చెప్పి ఉంచకపోతే టేబుల్ దొరకనంత గిరాకీ. మెనూలో "ఓరుగల్లు వంటలు" అని ఒక పేజీ ఉంది, దాని కోసమే వెళ్లాం. అమ్మది నర్సంపేట వైపు. జీవితమంతా ఆ వంటలు అందరికీ వండి పెట్టింది. ఒక్క పూట ఎవరైనా వండి తెస్తే కూర్చుని తినాలని నా కోరిక.

సర్వపిండి అంటే గిన్నెలో తట్టి కాల్చే బియ్యప్పిండి రొట్టె. ఆ పేరుతో నల్లరాయి పలక మీద చిన్న చిన్న బిళ్లలు తెచ్చారు. ధర 380 రూపాయలు. అమ్మ ఒకటి తీసి తిప్పి చూసింది. రెండు వైపులా ఒకే రంగు. నూనె దిగడానికి వేలితో పెట్టే చిల్లులు లేవు. తుంచితే పటుక్కున విరిగింది. సర్వపిండికి అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి, నానిన శనగపప్పు పంటికి తగలాలి. ఇది పండగకు నూనెలో వేయించే అప్పమే. "పిండి మంచిదేరా" అని అమ్మ పక్కన పెట్టేసింది.

పచ్చిపులుసు పొగలు కక్కుతూ వచ్చింది! చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ చేత్తో పిసికితే వచ్చే ఘాటు పొయ్యి ఎక్కిస్తే మిగులుతుందా? నాటుకోడి అన్నదాని ఎముక వేళ్ల మధ్య నొక్కితేనే విరిగింది. వడ్డించిన పిల్లలు మాత్రం ఎంతో మర్యాదగా ఉన్నారు, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

బిల్లులో భోజనం 5,200, సర్వీస్ ఛార్జి 10 శాతం కింద 520, ఆపైన 5 శాతం జీఎస్టీ 286. మొత్తం 6,006 రూపాయలు. ఈ సర్వీస్ ఛార్జి కట్టి తీరాలా? అంతకన్నా ముఖ్యం, వంట సంగతి వాళ్లకు ఎలా చెబితే వింటారు? రామప్ప గుడి చూడడానికి వచ్చి రాత్రికి ఇక్కడ దిగేవాళ్లు దీన్నే మన సర్వపిండి అనుకుని వెళ్లిపోతారు. నా బాధంతా అదే.

సుబేదారి నుంచి:

కట్టాల్సిన పని లేదు. సర్వీస్ ఛార్జిని హోటళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లినా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇంకో పేరు పెట్టి వసూలు చేయడమూ కుదరదు. జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే. ముందు రెస్టారెంటునే అడగండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి బిల్లు వివరాలు చెప్పండి.

పరకాల వంటమనిషి:

మీ అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. నేను పెళ్లిళ్లకు వండుతాను, కాబట్టి అలా ఎందుకు జరుగుతుందో చెబుతాను. సర్వ అనే లోతు గిన్నె లోపల తట్టిన పిండి మూత పెట్టి సన్న సెగ మీద కాలాలి. ఒకటి తీశాక గిన్నె చల్లారితే గానీ రెండోది తట్టలేం, చెయ్యి కాలుతుంది. ఒకేసారి పది టేబుళ్లు అడిగితే ఆ వంటగది బాణలి వైపే చూస్తుంది. నాలుగైదు గిన్నెలు పెట్టుకుని, టేబుల్ బుక్ చేసేటప్పుడే ఎన్ని కావాలో అడిగి రాసుకుంటే అసలుదే పెట్టవచ్చు. ఇది మేనేజరుకు కాదు, వంటమాస్టరుకు చెప్పండి. పచ్చిపులుసు కాచడానికి మాత్రం ఏ సాకూ లేదు.

కాజీపేట నుంచి:

ఆ డబ్బు ఏసీకి, అలంకరణకు అండి. రుచి కావాలంటే ఏదైనా మెస్‌కు వెళ్లాల్సింది.

వడ్డేపల్లి వాసి:

కాజీపేట మిత్రమా, అలంకరణకు ఎక్కువ తీసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ పేజీ మీద ఓరుగల్లు అని రాసుకున్నాక వంట కూడా ఓరుగల్లుదే కావాలి. సుబేదారి వారికి కృతజ్ఞతలు. సర్వీస్ ఛార్జి 520, దాని మీద పడిన జీఎస్టీ 26, కలిపి 546 రూపాయలు తిరిగి ఇవ్వమని బిల్లు ఫొటోతో ఇప్పుడే రాశాను. పరకాల అమ్మా, మీరు చెప్పిన గిన్నెల సంగతి వంటమాస్టరుకు చెప్పడానికి రద్దీ లేని మధ్యాహ్నం చూసి వెళ్తాను. అమ్మ కూడా వస్తానంటోంది.