ఎండాకాలంలో గూటి మీదున్న నీటిపిట్టను ఫొటో తీయవచ్చా?

మడిగట్టు:
మిత్రులకు నమస్కారం. ఈ చర్చకు కారణం నేనే కనుక జరిగిన సంగతి నేనే చెబుతాను. ఏప్రిల్ చివరి వారంలో చినగంజాం వైపు ఉప్పు మడుల్లో బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లు, అంటే గులాబీ రంగు పొడుగు కాళ్లతో నలుపు తెలుపుల్లో ఉండే పిట్టలు, గట్టు మీద గుడ్లు పెట్టాయి. 4 గుడ్లున్న ఒక గూటికి 25 మీటర్ల దూరంలో బోర్లా పడుకుని, 600 మిల్లీమీటర్ల లెన్సుతో గంటన్నర సేపు ఫొటోలు తీసి, వాటిలో ఒకటి మొన్న ఈ వేదికలో పెట్టాను. దాన్ని తొలగించమని ముగ్గురు సభ్యులు అడిగారు. నేను గుడ్లను తాకలేదు, గడ్డిపోచనైనా కదపలేదు, లేచిన ప్రతిసారీ పిట్ట తిరిగి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఇందులో తప్పు ఎక్కడుందో తెలిస్తే దిద్దుకుంటాను.

నీటినీడ:
మడిగట్టు గారూ, తొలగించమన్న ముగ్గురిలో నేనొకణ్ని. పిట్ట తిరిగి వచ్చిందన్నారు, సంతోషమే. ఎన్ని నిమిషాలకు వచ్చింది, అప్పుడు సమయం ఎంత అన్నదే నా ప్రశ్న. పొదగడమంటే గుడ్లకు వెచ్చదనం ఇవ్వడమేనని మనకు చిన్నప్పటి నుంచీ కోడిపెట్టను చూసి అలవాటు. మన తీరంలో ఏప్రిల్, మే నెలల పగటిపూట జరిగేది దానికి తలకిందులు. అక్కడ పిట్ట కూర్చునేది ప్రధానంగా గుడ్లకు నీడ పట్టడానికి. స్టిల్ట్ మడి నీళ్లలోకి దిగి, కాళ్లు మడిచి, పొట్ట ఈకలు బాగా తడిసేదాకా నీళ్లలో కూర్చుని, నీళ్లు కారుతున్న పొట్టతోనే నడిచి వచ్చి గుడ్ల మీద వాలుతుంది. ఈ పని తీతువులు కూడా చేస్తాయి. ఇసుక నేలల్లో ఉండే కెంటిష్ ప్లోవర్ అనే చిన్న పిట్ట అయితే గుడ్లను సగందాకా ఇసుకలో పూడ్చి ఉంచుతుంది. ఇంత ఏర్పాటు ఎందుకంటే, గుడ్డు లోపలి వేడి 40 డిగ్రీలు దాటి పైకి పోతున్నకొద్దీ పిండానికి ప్రాణగండం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో ఉప్పు నేల మీద నీడ లేని గుడ్డు గతి ఏమిటో మీరే ఊహించండి. గూడు వదిలేసి శాశ్వతంగా వెళ్లిపోతేనే నష్టమనుకోవడం పొరపాటు. తిరిగి వచ్చి శ్రద్ధగా కూర్చున్న పిట్ట కింద గుడ్లు అప్పటికే చచ్చి ఉండవచ్చు, ఆ సంగతి పిట్టకూ తెలియదు, మనకూ తెలియదు.

పాతలెన్సు:
నీటినీడ గారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు, దాని నుంచి నిషేధం దాకా సాగదీయడంతోనే పేచీ. నేలపట్టు పక్షుల కేంద్రంలో పరిశీలన గోపురం ఎక్కి గూడబాతుల గూళ్లను మనమంతా తీశాం. ఉప్పలపాడులో, తేలినీలాపురంలో గూళ్ల మీదున్న పక్షుల ఫొటోలు ఈ వేదిక నిండా ఉన్నాయి, వాటిని తొలగించమని ఎవరూ అనలేదు. పైగా ఆ మడుల్లో రోజూ పనివాళ్లు తట్టలు మోస్తూ గూళ్ల పక్క నుంచే తిరుగుతారు. వాళ్ల వల్ల రాని నష్టం, ఒక్కపూట పడుకున్న మడిగట్టు గారి వల్ల వచ్చిందా? నా దృష్టిలో అసలు శత్రువులు వేరే ఉన్నారు: మడులను తవ్వి వేసే రొయ్యల చెరువులు, ఊరకుక్కలు, గట్లను చదును చేసే యంత్రాలు. అక్కడ పిట్టలు పిల్లలు చేస్తున్నాయని చెప్పే ఫొటో ఒక్కటీ లేకపోతే, రేపు ఆ నేల పోయినప్పుడు ఏమి పోయిందో చెప్పడానికి కూడా మన చేతిలో ఏమీ ఉండదు.

ఉప్పుకయ్య:
పెద్దలు మాట్లాడుకుంటున్న చోట నేను ఎప్పుడూ రాయలేదు కానీ, పనివాళ్ల మాట వచ్చింది కనుక రాస్తున్నాను. మా నాన్నగారు ఉప్పు మడుల్లోనే పనిచేస్తారు, సెలవుల్లో నేనూ వెళతాను. పనివాడు తలెత్తుకుని, తిన్నగా, తన దారిన తాను నడిచి పోతాడు. పిట్ట లేచి నాలుగడుగులు పక్కకు జరిగి, అతను దాటగానే వచ్చి కూర్చుంటుంది. ఒక్కొక్కటి లేవనైనా లేవదు. అదే వంగి వంగి వచ్చేవాణ్ని, పాకుతూ వచ్చేవాణ్ని చూస్తే దూరం నుంచే లేచి అరుపు అందుకుంటుంది, దాని అరుపు విని చుట్టుపక్కల గూళ్ల మీదున్నవన్నీ లేస్తాయి. నక్కా కుక్కా వచ్చేది కూడా అలాగే కదా. దాటిపోయే మనిషి వేరు, ఆగి తన వైపే చూసే మనిషి వేరు అని పిట్టకు బాగా తెలుసు.

ఇంకో సంగతి. నిరుడు ఒక బృందం వచ్చి, గూడు సరిగా కనిపించడం లేదని ముందున్న మొక్కలు పీకి వెళ్లారు. వాళ్ల అడుగుజాడల వెంటే రెండు కాకులు గట్టు మీద నడుచుకుంటూ రావడం నేను చూశాను. మర్నాటికి 4 గుడ్లలో 1 మిగిలింది. అది కాకుల పనేనని ఒట్టు వేసి చెప్పలేను, అక్కడ కుక్కలూ తిరుగుతాయి. కానీ మొక్కలు ఉన్నన్నాళ్లు ఆ గూడు క్షేమంగానే ఉంది.

నీటినీడ:
ఉప్పుకయ్య గారి మాటతో పనివాళ్ల వాదానికి జవాబు వచ్చేసింది. నేలపట్టు పోలిక కూడా నిలవదు. అక్కడ గూళ్లు నీటిలో నిలిచిన చెట్ల మీద ఉంటాయి, గోపురం కదలదు, చూసేవాడు అక్కడి నుంచి దిగి గూటి దగ్గరకు పోలేడు. నేల మీది గూటికి రక్షణ దాని రంగు ఒక్కటే, మనం దాని వైపు నడవడమంటే కాకికి దారి వేసి ఇవ్వడమే. చట్టం సంగతి కూడా ఒక మాట: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 2(16) సెక్షన్ 'వేట' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లను గానీ గూళ్లను గానీ కలతపెట్టడం కూడా ఉంది. 25 మీటర్ల దూరం నుంచి తీసిన ఫొటో దాని కిందికి వస్తుందని నేను అనడం లేదు, మొక్కలు పీకడం మాత్రం ఎటు చూసినా ఆ గీత దాటినట్టే.

మడిగట్టు:
నీటినీడ గారు అడిగిన లెక్క తీశాను. ప్రతి ఫొటోలోనూ సమయం నమోదై ఉంటుంది కనుక వరసగా పేర్చి చూశాను. మొదటిది ఉదయం 9:10కి, చివరిది 10:42కి. ఈ మధ్యలో పిట్ట 5 సార్లు లేచింది, అన్నిటికంటే ఎక్కువసేపు గూడు ఖాళీగా ఉన్నది 14 నిమిషాలు. ఆ 14 నిమిషాలు నాకు గుర్తే లేవు. అప్పుడు నేను నీళ్లలో దాని నీడ బాగా పడిందని మురిసిపోతూ అవే ఫొటోలు వెనక్కి తిప్పి చూసుకుంటున్నాను. ఫొటో తొలగించాను. అయితే పాతలెన్సు గారి ఆవేదనలో కూడా న్యాయం ఉంది, ఎండాకాలమంతా కెమెరా పెట్టెలో పెట్టుకోవాలా?

పాతలెన్సు:
పెట్టెలో పెట్టనక్కరలేదు. గూళ్ల విషయంలో 14 నిమిషాల లెక్క చూశాక నేను గట్టిగా వాదించలేను, ఎవరైనా నమోదు చేయదలిస్తే దూరం నుంచి నిలబడి ఒకే ఒక్క ఫొటో తీసి, ఆగకుండా వెళ్లిపోవాలన్నంత వరకే నా పట్టు. మన తీరంలో ఎండాకాలానికే ప్రత్యేకమైన అందం వేరే ఉంది. చలికాలమంతా బూడిద రంగులో ఒకదాన్నొకటి పోలి విసిగించే చిన్న వలసపిట్టలు, కర్ల్యూ శాండ్‌పైపర్‌లు ఏప్రిల్‌లో ఇటుక రంగుకు తిరుగుతాయి, ఆ రంగుతోనే సైబీరియా టండ్రాకు బయలుదేరతాయి. తీరంలోని ఉప్పు పర్ర భూముల్లో, ఏరు సముద్రంలో కలిసే మొగల్లో పోటు ఎక్కే ముందే వెళ్లి ఒకచోట కదలకుండా కూర్చుంటే, నీరు పెరిగినకొద్దీ పిట్టలే మేస్తూ మీ వైపు జరుగుతాయి, మీరు పాకనక్కరలేదు. ఉదయం 8 గంటల లోపే ముగించండి. ఆ తర్వాత నేల మీద ఎండమావి లేస్తుంది, ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఈకలు అలుక్కుపోయినట్టే వస్తాయి. ఎండ పిట్ట గుడ్డుకే కాదు, మన ఫొటోకూ పడదు.

నీటినీడ:
ఈ మాటతో ఏకీభవిస్తాను, ఒక్క సవరణతో. అవి వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటున్న రోజులవి. పోటు వేళ మేత నేల మునిగిపోయి గుంపుగా గట్టున సేద తీరుతున్నప్పుడు, ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపేవాళ్లను నేను చూశాను. మే, జూన్ నెలల్లో కనిపించే గుంపుల్లో ఇంకా ఈడు రాక ఉత్తరానికి పోకుండా ఇక్కడే ఆగిపోయిన పిల్లపిట్టలూ ఉంటాయి, వాటినీ అలా లేపకూడదు.

ఉప్పుకయ్య:
నిర్వాహకులకు ఒక విన్నపం. ఫొటో పోయింది కానీ, మొదటి టపాలో ఊరి పేరు అలాగే ఉంది. నిన్న రెండు కార్లు వచ్చి, పొడుగుకాళ్ల పిట్టల గట్టు ఎటని మా నాన్నగారిని అడిగాయట. తెలియదని చెప్పి పంపించారు. ఆ గూటి మీద పిట్ట ఇంకా కూర్చునే ఉంది, దయచేసి ఆ పేరు ఈ పూటే తీసేయండి.