శరధిం గప్పలి జోంగు... సమ్మన్లా, చమ్మన్లా?

ఉప్పుగాలి:
హరవిలాసం కావ్యం అవతారికలో (పీఠికలో) వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి ఓడ వ్యాపారాన్ని శ్రీనాథుడు కీర్తించిన మత్తేభ పద్యంలోని మూడో పాదం నన్ను వదలడం లేదు. “శరధిం గప్పలి జోంగు వల్లివలికా” వరకు తడుముకోకుండా వస్తుంది. ఆ తరువాత “సమ్మన్ల దెప్పించు” అనడం నాకు అలవాటు. మాకు పద్యం చెప్పిన పంతులుగారు మాత్రం “చమ్మన్ల” అనేవారని గుర్తు. ఏది సరైన పాఠమో, ఆ పాదంలో వరుసగా చెప్పిన ఈ నావలు ఏ తీరాలవో తెలిసినవారు చెప్పగలరు.

యతిమైత్రి:
ఛందస్సు మీకు ఇక్కడ సాయపడదు. మత్తేభంలో పద్నాలుగో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. పాదం “శ”తో మొదలైంది కనుక అక్కడ “స” వచ్చినా చెల్లుతుంది, “చ” వచ్చినా చెల్లుతుంది. కాబట్టి అర్థాన్ని బట్టే తేల్చుకోవాలి. నా ఓటు సకారానికే, ఎందుకంటే ఈ మాట చైనావారి సాంపాన్ తప్ప మరొకటి కాదు.

తూర్పుతీరం:
యతిమైత్రి గారూ, సాంపాన్ అన్న పేరుకు మూడు పలకలని అర్థం చెబుతారు. అది నదుల్లోనూ రేవుల్లోనూ తిరిగే చిన్న పడవ. పద్యం మొదటి పాదంలోని తరుణాసీరి, తవాయి బర్మా దక్షిణ తీరంలోని తెనసెరిం, దవే రేవులు. ఆ పక్కనే ఉన్న “రమణా” మోన్ జాతివారి రామఞ్ఞ దేశమని నా నమ్మకం. అక్కడి నుంచి బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటి రావడానికి అంత చిన్న పడవ ఎలా సరిపోతుంది? శ్రీనాథుడు “శరధిన్” (సముద్రంలో) అని స్పష్టంగా అన్నాడు కదా.

బందరుబాట:
ఆ అభ్యంతరానికి సమాధానం సముద్రం మీదే ఉంది. పద్నాలుగో శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా కళ్లికోట (కాలికట్) రేవులో చూసిన చైనా ఓడలను మూడు తరగతులుగా చెప్పాడు: పెద్దది జుంక్, మధ్యరకం జౌ, చిన్నది కకమ్. ఒక్కో పెద్ద ఓడ వెంట మూడు చిన్న ఓడలు నడిచేవని కూడా రాశాడు. అతడు శుక్రవారపు నమాజు కోసం ఒడ్డున ఆగిపోయిన సమయంలో తుపాను వచ్చి, ఢిల్లీ సుల్తాను చైనా చక్రవర్తికి పంపిన కానుకలున్న జుంక్ పగిలిపోయింది. అతని సొంత సామాను ఉన్న కకమ్ అతడిని ఒడ్డునే వదిలి తెరచాప ఎత్తి వెళ్లిపోయింది. పెద్ద ఓడా దాని వెంట చిన్న నావలూ ఒకే పయనంలో కలిసి నడిచేవనడానికి ఇంతకంటే ఏం కావాలి? మన “జోంగు” ఆ జుంకే, మలయా, జావా భాషల్లోని జోంగ్. దాని వెంట వచ్చిన చిన్న నావ సమ్మను. పైగా మోటుపల్లి వంటి మన రేవుల్లో లోతు లేక ఓడ దూరంగా లంగరు వేసి నిలిచేది, సరుకు చిన్న పడవల మీదే అలలు దాటి ఒడ్డుకు చేరేది. శ్రీనాథుడు పెద్ద నావ నుంచి చిన్న నావ దాకా వరుస తప్పకుండా చెప్పాడని నేను గట్టిగా నమ్ముతున్నాను.

యతిమైత్రి:
ఆ వరుస నిలవాలంటే నడుమ ఉన్న “వల్లివలికా” ఏమిటో ముందు తేలాలి. కప్పలి తమిళుల కప్పల్ (ఓడ) అన్న విషయంలో తగవు లేదు. వల్లిని తమిళ, మలయాళాల వల్లంతో కలుపుదామంటే అదీ చిన్న పడవే కనుక, జోంగు తరువాత వెంటనే సమ్మను స్థాయికి దిగిపోతాం. నన్ను అంతకంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చివరి “కా”. అచ్చ తెలుగు మాట దీర్ఘంతో ముగియడం అరుదు. అక్కడ పదమూడో అక్షరం గురువు కావాలి. “వలిక” అంటే గణం చెడుతుంది. కవి ఛందస్సు కోసం దీర్ఘం చేశాడా, లేక నౌకా, లతికా అన్నట్టు సంస్కృత స్త్రీలింగ రూపాన్ని సమాసంలో పెట్టాడా?

తూర్పుతీరం:
మూడో దారి కూడా ఉంది. “వలికాసమ్మను” ఒకే నావ పేరు కావచ్చు. అప్పుడు కప్పలి, జోంగు, వల్లి, వలికా, సమ్మను అని నావలు ఐదు కావు, నాలుగే.

సీసమాలిక:
శ్రీనాథుడు ఛందస్సు కోసం మాటను సాగదీశాడంటే నా మనసు ఒప్పుకోదు. అదే అవతారికలోని సీసం చూడండి: “పంజార కర్పూర పాదపంబులు దెచ్చి, జలనోంగి బంగారు మొలక దెచ్చి, సింహళంబున గంధ సింధురంబులు దెచ్చి, హురుమంజి బలుతేజి హరులు దెచ్చి”. జలనోంగి ఏ దేశమో తెలియకపోయినా అందులోని లకారాన్ని ఎవరూ కదిలించలేరు, “జల”కూ “మొల”కూ ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి) కుదిరింది కనుక. హురుమంజి (హొర్ముజ్ రేవు)లోని “హురు”కు “హరులు” అలాగే కాపలా కాస్తోంది. విదేశీ ఊరి పేరును చెక్కుచెదరకుండా యతిలో బిగించే చేయి అది. పంజారాన్ని సుమత్రా పడమటి తీరంలోని ఫన్సూర్‌గా గుర్తించడమే నాకు సబబుగా కనిపిస్తుంది. ఆ కర్పూరం బంగారంతో సమానంగా తూగి అమ్ముడుపోయేదని మార్కోపోలో రాశాడు. ఫన్సూర్ ఉన్న ఆ బరూస్ ప్రాంతంలోనే లోబు తువాలో 1088 నాటి తమిళ వర్తక సంఘపు శాసనం దొరికింది. ఇంత దూరపు పేర్లను వర్తకుల నోటి నుంచి విని, కొండవీటి రాజు కొమరగిరి రెడ్డి వసంతోత్సవాల పరిమళమంతా తెచ్చి పద్యంలో నింపిన కవికి ఒక్క “కా” దగ్గర తడబాటు ఎందుకు వస్తుంది?

ఉప్పుగాలి:
సీసమాలిక గారూ, ఆ సీసం అంటే నాకూ ప్రాణం. అయినా అందులో వరుసగా “దెచ్చి, దెచ్చి” అనడమే తప్ప తెచ్చినవారు సముద్రం మీద పడిన పాటు ఒక్క మాటలోనూ లేదు. ఆ పాటు కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనంలో కనిపిస్తుంది. దేశం నుంచి దేశానికి బయలుదేరి, తుపానులో చిక్కి పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కొనేవారని, ప్రాణం కంటే ధనమే గొప్పదనుకొని సముద్రానికి తెగించే వారి నుంచి తాను నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన 1244-45లో రాతి మీద చెక్కించాడు. 1358లో కొండవీటి అనవోత రెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయం ఇవ్వవలసి వచ్చింది. తిప్పయ్య ఓడలు ఆ భరోసాతో నడిచినవే. ఇంతకీ నా సకార, చకారాల సంగతి ఎవరూ తేల్చలేదు.

బందరుబాట:
సకారమే. సాంపాన్ అని ఒప్పుకున్నాక సందేహం ఎక్కడిది?

యతిమైత్రి:
సాంపాన్ అని మీరూ నేనూ ఒప్పుకున్నాం, తూర్పుతీరం గారు ఒప్పుకోలేదు. పైగా విదేశీ సకారం తెలుగు నోట చకారమయ్యే అవకాశం ఉంది కనుక పంతులుగారి పాఠాన్ని తోసెయ్యలేను. తాళపత్ర పాఠాంతరాలు చూసినవారు చెప్పాలి.

తూర్పుతీరం:
చూసేవారు “కా” మీద దీర్ఘం అన్ని ప్రతుల్లోనూ ఉందో లేదో కూడా దయచేసి గమనించండి. అక్కడ “వలికల సమ్మన్ల” వంటి పాఠం ఎక్కడైనా కనిపిస్తే గణం చెడుతుంది కనుక అది లేఖకుడి చేయి అని తెలిసిపోతుంది. అయినా అతడు ఆ రెండు మాటలను విడివిడిగా అర్థం చేసుకున్నాడన్న సంగతి మనకు దక్కుతుంది.