అప్‌డేట్: అమ్మాయిని వరంగల్ నిట్ హాస్టల్‌లో దింపేశాం

హాస్టల్‌కి ఏమేం సర్దాలి, అక్కడ ఎంతసేపు ఉండాలి అని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. బకెట్, మగ్గు, పరుపు మోసుకెళ్లొద్దన్నవాళ్ల మాటే విన్నాం. కాజీపేటలో రైలు దిగి ఆటోలో హాయిగా వెళ్లాం, మిగతావన్నీ హనుమకొండలో కొనేశాం. ట్రంకు పెట్టెలు దింపుకోలేక ఆపసోపాలు పడుతున్న ఒక కుటుంబాన్ని చూసి మా ఆయన నావైపు గర్వంగా ఓ చూపు చూశారు, ఆ ఐడియా ఏదో తనదైనట్టు!

యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఆన్‌లైన్‌లో ముందే నింపాం. ర్యాగింగ్ ఫిర్యాదులకుండే 1800-180-5522 హెల్ప్‌లైన్ నంబరు కూడా అమ్మాయి ఫోన్‌లో సేవ్ చేయించాను. జిరాక్సులు, ఫొటోలు ఎన్ని తీసుకెళ్లినా తక్కువే.

మంచం మీద దుప్పటి పరుద్దామని నేను చేయి పెట్టబోతే, "అమ్మా, నేను చూసుకుంటాగా" అంది. అప్పటికే ఏ అలమర ఎవరిదో రూమ్‌మేట్‌తో తేల్చేసుకుంటోంది. ఇంక అక్కడ మా పనేముంది? భోజనాల దాకా ఆగకుండా బయల్దేరాం.

ఆవకాయ సీసా మూత కింద పాలిథిన్ కవరు పెట్టి బిగించమన్న పెద్దావిడకి ప్రత్యేకంగా దండాలు, చుక్క నూనె కారలేదు. రోజూ ఫోన్ చేయొద్దన్న సలహా మాత్రం నడవట్లేదు. మెస్‌లో పప్పు నీళ్లలా ఉందని రోజూ రాత్రి తనే ఫోన్ చేస్తోంది.