వాక్యూమ్ బ్యాగ్ రీడింగ్ ఇంటి నుంచి చూడాలంటే?

ప్రశ్న: అన్నలూ, రణస్థలం దగ్గర మాది చిన్న షెడ్. వేట పడవలకి ఫైబర్ మూతలు చేస్తాం. ఈ మధ్య ఒక ఆర్డరుకి ఎపాక్సీ రెజిన్‌తో వాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్ మొదలెట్టాం, అంటే ఫైబర్‌ని బ్యాగ్‌లో మూసి, పంపుతో గాలి లాగేస్తూ రెజిన్ ఎక్కించడం. స్లో హార్డెనర్, గట్టిపడటానికి చాలా సేపు పడుతుంది. సాయంత్రం రెజిన్ ఎక్కించి, పంపు నడుస్తుండగానే నేను విజయనగరం వచ్చేస్తాను. మొన్న రాత్రి కరెంటు పోయింది. పొద్దున్న బ్యాగ్ విప్పితే అంచు పొడవునా తెల్లటి మచ్చలు, గోరుతో గీరితే రెజిన్ పట్టని గ్లాసు ఫైబర్. రీడింగ్ ఫోన్‌లో చూద్దామని ఈఎస్‌పీ32 వైఫై బోర్డుకి బీఎంపీ280 ప్రెషర్ సెన్సర్ తగిలించా. పంపు వేయగానే కొంత దిగి, తర్వాత పిచ్చి అంకెలు చూపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, బోర్డు తప్పు కాదు. బీఎంపీ280 వాతావరణం కొలిచే సెన్సర్, 300 నుంచి 1100 మిల్లీబార్ల దాకే దాని పరిధి. మంచి బ్యాగ్‌లో ఒత్తిడి 50 మిల్లీబార్ల కంటే కిందికి పోతుంది. సున్నా నుంచి కొలిచే అబ్సల్యూట్ ప్రెషర్ సెన్సర్ తీసుకో. క్యాచ్ పాట్ (బ్యాగ్ నుంచి పంపు వైపు వచ్చే మిగులు రెజిన్ పట్టే డబ్బా) మూతకి బిగించు, రెజిన్ తగలకూడదు.

అంతకంటే ముందు పంపుకీ పాట్‌కీ మధ్య నాన్ రిటర్న్ వాల్వ్ ఉందా? లేకపోతే పంపు ఆగగానే గాలి వెనక్కి వచ్చేస్తుంది. ఫోన్ మోగినా అప్పటికే పని చెడిపోయుంటుంది.

రెజిన్ తెరవకముందు పంపు లైన్ మూసి పది నిమిషాలు గ్రాఫ్ చూడు. గీత పైకి లేస్తుంటే ఎక్కడో లీకుంది. పంపు నడుస్తుంటే చిన్న లీకు కనపడదు.

ప్రశ్న: వాల్వ్ లేదన్నా, రేపే వేయిస్తా. టెంపరేచర్ కూడా పెట్టాలా?

జవాబు: పెట్టు. కానీ పలచటి మూత అంతగా వేడెక్కదు. భయపడాల్సింది పాట్‌లో మిగిలిన రెజిన్ గురించి. ఎపాక్సీ గుంపుగా ఉంటే తన వేడికి తానే మరిగి పొగలొస్తుంది. మామూలుగా వాడే డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సర్ 125 డిగ్రీల దాకే కొలుస్తుంది, కాబట్టి పాట్‌కి ఇంకా ఎక్కువ వేడి కొలిచే కే టైప్ థర్మోకపుల్ కట్టు.

ఇంకొకరు: కరెంటు పోతే వైఫై రూటర్ కూడా పోతుంది కదా! మాకదే జరిగింది, ఫోన్ నిశ్శబ్దంగా ఉంటే అంతా బాగుందనుకుని నిద్రపోయాం. బోర్డుకి బ్యాటరీ, సిమ్ మోడెమ్ పెట్టండి. ఐదు నిమిషాలు కబురు రాకపోతే సర్వరే అలారం మోగించాలి. ఆ కాల్ షెడ్ దగ్గరున్న వాచ్‌మన్‌కి కూడా వెళ్లాలి, జనరేటర్ తాళం అతని దగ్గరే ఉంచండి.

ప్రశ్న: తాళం నా జేబులోనే ఉందన్నా.